పుర్రచెయ్యి అతుకు

కావలి కొట్లో తాడు కిలోల లెక్కన దొరుకుతుంది.
పచ్చది, మూడు పేటలది, బొటనవేలంత లావు.
తూకానికి రానిది మాత్రం
జువ్వలదిన్నె ఒడ్డున
ఆదెయ్య మామ దగ్గర నేర్చుకోవాలి.

కొత్త తాడుకు పొగరు.
చుట్ట లోపలి కొస వెతికి లాగాలి.
పైకొస లాగావా,
మెలిక మీద మెలికేసుకుని
సంతలో కొన్న దూడలా అడుగు కదలనంటుంది.
ఉప్పునీళ్ళు తాగి తిరిగొచ్చిన పూట
చేతిపంపు కింద కడిగి
నీడన ఆరెయ్యాలి.
"ఎండలో ఎయ్యబాక అబ్బయా,
ఎండ దీన్ని నవ్వతా నవ్వతా తినేస్తాది."

మామ తాడును కళ్ళతో చూడడు.
పేటలు విడదీసి లోపలికి వేలు పోనిస్తాడు.
పైన నిగనిగలాడేది
లోపల పిండి రాలిస్తే
మాట్లాడకుండా పక్కన పడేస్తాడు,
మేకలు కట్టుకోడానికి.

ముడికి ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే.
చీకట్లో, తడిచేత్తో, భయంలో
విప్పగలవా?
"బిగించేదానికేముందిరా, కోతి గూడా బిగిస్తాది."
పీటముడి పడిందంటే
తాడుకొసతో మణికట్టు మీద ఒక్కటి.

ఆయన ఎడమచేతి ఉంగరం వేలు సగమే.
మిగతా సగం రామాయపట్నం ఎదురుగా
పది బారల లోతులో ఉంది.
"అది లంగరేసి కూచునింది, ఇంక లెయ్యదు" అంటాడు
అడిగిన ప్రతివాడితో.
ఆ చెయ్యే ఆయనకు వాటం.
అందరూ కుడికి తోసే పేటను ఎడమకు తోస్తాడు.
ఆయనేసిన అతుకు
పిల్లల నడినెత్తి సుడిలా
అటువైపు తిరిగి ఉంటుంది.

కార్తీకంలో ఒక తెల్లారుజామున
లంగరు వదిలాను.
చుట్టలు చుట్టలుగా లేచి పరిగెత్తింది తాడు.
నా కాలు ఎక్కడుందో నేను చూసుకోలేదు.
ఆయన చూశాడు.

కత్తి.

నా చీలమండకు ఎర్రటి కడియం మిగిలింది.
నలభై బారల తాడూ, దాని చివర లంగరూ
అప్పింకా తీరకుండానే
నీళ్ళలోకి పోయాయి.
మామ నావైపు తిరగలేదు.
మిగిలిన కొసకు అగ్గిపుల్ల గీసి
పేటలు విడిపోకుండా కరిగించి
అదే పుల్లతో బీడీ ముట్టించుకున్నాడు.

సంక్రాంతి దాటాక
ఇసకపల్లి వాళ్ళు నలుగురొచ్చారు.
ఒకడి భుజాన పీలికలైన వల,
ఒకడి భుజాన పచ్చ తాడు.
"ఎవురిదిది? మా వల నాశనమైపొయ్యింది."
ఒడ్డున ఇరవైమందిమి ఉన్నాం.
అందరికీ తెలుసు.
ఒకడు చేపలబుట్ట సర్దుకుంటున్నాడు,
ఒకడు ఇంజను మూత తుడుస్తున్నాడు
అప్పుడే మురికైనట్టు.
తాడు నడుమ అతుకు
ఎడమ సుడి తిరిగి
ఎండలో కనబడతానే ఉంది.

నా గొంతులో ఏదో కదిలే లోపే
మామ లేచాడు.
తాడు చేతిలోకి తీసుకుని
ఆ సగం వేలితో తడిమాడు.
"ఈ అతుకు నాదే" అన్నాడు.

ఎందుకు తెగిందో వాళ్ళడగలేదు,
ఆయన చెప్పలేదు.
నా కాలు మాట
ఇప్పటికీ ఒడ్డున ఎవరికీ తెలీదు.

వల ఖరీదు మూడు విడతలుగా కట్టాం.
లంగరు వాళ్ళే ఉంచుకున్నారు.
తాడు మాత్రం ఆయన అడిగి తెచ్చుకున్నాడు.

ఆ రాత్రి ఫోను లైటు తను పట్టుకుని
తెగిన కొసలు రెండూ నా ఒళ్ళో పడేశాడు.
"నువ్వెయ్యి."
రెండుసార్లు విప్పించాడు.
మూడోసారి లాగి చూశాడు,
బాగుందనలేదు,
లైటార్పి పొయ్యి పడుకున్నాడు.

ఇప్పుడు లంగరు దిగేటప్పుడు
నా అరచేతిలోంచి రెండు బుడిపెలు పోతాయి.
ముందు ఆయనది,
నున్నగా, ఉందో లేదో తెలీనట్టు.
ఆ తర్వాత చాలా బారలకు నాది,
గరుకుగా, తొందరపడి అల్లినట్టు.
అది తగలగానే
చీకట్లో అయినా సరే
ఒకసారి కిందికి వంగి
కాళ్ళెక్కడున్నాయో చూసుకుంటాను.