నీలం క్లిప్పు

మే నెల మధ్యాహ్నం, మల్కాజిగిరిలో మా డాబా మీద
ఆరిన చీర తీస్తుంటే
బట్టల క్లిప్పు వేళ్ల మధ్యే పుటుక్కుమంది.
కాల్చిన అప్పడంలా అరచేతిలో పొడి.

కొన్నప్పుడు ముదురు నీలం,
మౌలాలి సంతలో డజను ఇరవై రూపాయలు.
రెండు ఎండాకాలాలకే సున్నం కొట్టినట్టు తెల్లబారింది.
లోపలి తీగ చుట్టకు మాత్రం
తుప్పు పట్టింది, పద్ధతిగా.

తుప్పంటే తెలుసు నాకు.
ఇంట్లో ప్రతి వస్తువు చావుకీ ఒక మాట నేర్పింది
మా మేనత్త రత్నవ్వ:
అన్నం పాచిపోతుంది, పెరుగు పులుస్తుంది,
ఇత్తడి చెంబుకు చిలుము,
కందిపప్పుకు పురుగు, రొట్టెకు బూజు,
దూలం చివుకుతుంది,
ముతక చీర పీలికై, పొయ్యి కాడ మసిగుడ్డై
ఒకనాడు ఇక కనిపించదు.

దీన్నేమంటారని అడిగితే
ముక్కను నాలుక చివర పెట్టి చూసి
థూ అని ఊసింది.
"ఇది సచ్చుడు గాదు బిడ్డా. అలిగింది."

పోయినేడు సంపు కోసం తవ్వినప్పుడు
ఐదడుగుల లోతున పాల కవరొకటి దొరికింది.
చుట్టూ మట్టి,
ఏది ఆకో ఏది ఎముకో చెప్పలేనంత మట్టి.
కవరు మీద తారీఖు ఇంకా చదవొచ్చు:
తొంభై ఆరు, ఆగస్టు తొమ్మిది.
ఆ రోజే వాడవలెను.
ఆ పాలు తాగిన పిల్ల
ఇప్పుడు తలకు రంగేసుకుంటూ ఉంటుంది.

చీకట్లో పాతితే నిన్నటిలా ఉంటుంది.
ఎండలో పెడితే ముక్క,
ముక్కలో ముక్క, ఆ ముక్కలో
కంటికానని ఇంకో ముక్క,
ఎంత నలిగినా అదే.
చెదలు వాసన చూసి పక్కనుంచి పోతాయి.

రత్నవ్వ చీపురు తెచ్చింది.
పొడి చేటలోకి ఎక్కదు,
గచ్చు పగుళ్లలో దాక్కుంటుంది.
ఊడ్చీ ఊడ్చీ నడుం పట్టుకుని నిలబడిందో లేదో
పడమట ఉరిమింది.
పెద్ద పెద్ద చినుకులు, వేడి గచ్చు మీద చుయ్‌మంటూ.
డాబా గొట్టం గొంతు విప్పింది.
గొట్టంలోంచి మోరీ, మోరీలోంచి నాలా,
నాలా పోయి మూసీ,
మూసీ నీళ్లకు ఏపుగా పెరిగే పాలకూర,
కట్ట పది రూపాయలని
సోమవారం అంగట్లో నేనే ఏరి ఏరి కొంటాను.

తడుస్తూనే ఆ తుప్పు తీగను
కరివేపాకు కుండీలో గుచ్చాను.
చెట్టుకు ఇనుము మంచిదంటారు.