ముప్పైకి ఒక్కటి

వాదీ కబీర్ నుంచి దార్సైత్ బడికి
నలభై నిమిషాలు. ట్రాఫిక్ ఉంటే గంట.
ముప్పై మంది పిల్లలు, డ్రైవర్ ఖల్ఫాన్,
హాజరు పట్టీతో చివరి సీట్లో నేను.

రాయచోటిలో చరిత్రతో బి.ఏ. చేశాను.
మస్కట్‌లో సీటు బెల్టులు పెడతాను, కక్కినవి తుడుస్తాను,
పాత పట్టీల వెనకవైపు ఖాళీగా ఉంటే
పెద్దపెద్ద అక్షరాలతో
మోటుపల్లి రేవు కథ రాస్తాను.

మొదటి వాక్యం నాలుగుసార్లు కొట్టేశాను.
"సముద్ర వాణిజ్యం మిక్కిలి వర్ధిల్లెను" అని చదివితే
ఇంతియాజ్ కిటికీవైపు తిరిగాడు.
"ఇక్కడి గుర్రం ఒకటి మన తీరానికి ఓడెక్కింది" అన్నాను.
మళ్ళీ ఇటు తిరిగాడు.

ఇక్కడంటే ఇక్కడే.
సూర్‌కి పోయే దారిలో ఖల్హాత్,
ఇప్పుడు మొండిగోడలు, అప్పుడు గుర్రాల రేవు.
"ఓడలో గుర్రానికి వాంతులు అవలేదా?" సువార్త ప్రశ్న.
నాకు తెలీదు. ఖల్ఫాన్‌ని అడిగాను.
గుర్రం కక్కలేదంట, ఎంత తిప్పినా లోపలే దాచుకుంటుందంట.
మా రూములో ఆడవాళ్ళు గుర్తొచ్చారు.
అది పుస్తకంలో రాయలేదు.

"గడ్డి ఎవరేశారు? నీళ్ళెవరు తాపారు?"
శాసనంలో రాజు పేరుంది, రాజు తండ్రి పేరుంది.
నీళ్ళు తాపినోడి పేరు లేదు.
అక్కడొక గీత గీసి వదిలిపెట్టాను.
లోహిత్ దాని మీద వాళ్ళ నాన్న పేరు
ఇంగ్లీషులో రాసిపెట్టాడు.
చెరపడానికి చెయ్యి రాలేదు.

తర్వాత అసలు కథ.
గాలివానకి ఓడ ఒడ్డుకి కొట్టుకొస్తే
వెనకటి రాజులు సరుకంతా లాక్కునేవాళ్ళు.
ఈ రాజు రాయి చెక్కించాడు:
సముద్రం మిగిల్చింది మేం తీసుకోం,
ప్రాణాలొడ్డి తెచ్చుకున్నది మీదే,
సుంకం మాత్రం కట్టండి, ముప్పైకి ఒక్కటి.

బస్సంతా తలలు లెక్కపెట్టుకుంది.
"అక్కా, అంటే మాలో ఒకర్ని పట్టుకుపోతారా?"
"పిల్లల్లో కాదురా, సరుకులో!
కర్పూరం, పన్నీరు, పగడాలు, మిరియాలు..."
నవ్వులు. ఖల్ఫాన్ కూడా, అర్థం కాకుండానే.

నవ్వు ఆగాక తన్మయి అడిగింది:
"ఆ రాజు పాస్‌పోర్టులు తీసిపెట్టుకునేవాడా?"

ఏసీ చప్పుడొక్కటే.
వాళ్ళ నాన్న కంపెనీ మూతపడి ఏడు నెలలు.
ఆ పాస్‌పోర్టు ఎవరి సొరుగులో ఉందో నాకు తెలుసు,
బస్సు ఫీజు బాకీల పట్టీ కూడా నా సంచిలోనే ఉంది.
"అప్పుడు పాస్‌పోర్టులు లేవమ్మా."
నిజమే చెప్పాను.
జవాబు మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి "అభయ శాసనం" అని రాసి ఆగిపోయాను.
ఎనిమిదేళ్ళ పిల్లకి అభయం ఎట్లా చెప్పేది?
"రక్షణ హామీ" అని రాస్తే
ఇన్సూరెన్సు కాగితంలాగుంది.
కొట్టేశాను.

పొద్దున బస్సులో అడిగాను:
"భయం తెలుసు కదా?"
తెలుసు, అన్నారు అందరూ.
"దాని ముందు ఒక అ పెట్టండి.
ఆ రాజు చేసింది అంతే."
బాగా చెప్పానని నాకే ముచ్చటేసింది.

తన్మయికి ఎక్కలేదు.
"రాయి మీద రాస్తే వింటారా అందరూ?"
"విన్నారో లేదో రాయి చెప్పదు.
రాశారని మాత్రం చెబుతుంది."
ఈ మాట పుస్తకంలో పెట్టాను,
పిల్లలకి కష్టమని తెలిసీ.

ఆదివారం బడి తెరిచారు.
అందరి బెల్టులూ పెట్టి లెక్కపెట్టాను.
ఇరవై తొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఖల్ఫాన్ అద్దంలోంచి నావైపు చూస్తున్నాడు,
ఇంజను ఆడుతోంది.

"అక్కా, తర్వాతేమైంది?" అంటోంది సువార్త.