నీలం సంచి

గురువారం గురువారం
కోట్కా నుంచి వీపురి బజారుకి బస్సు నడిపేవాణ్ని.
పొద్దున పద్దెనిమిది మంది,
సాయంత్రమూ ఆ పద్దెనిమిది మందే,
బస్సు మాత్రం వెనక్కి బరువుగా ఒరిగేది.

ఆ బల్ల నాకూ తెలుసు.
అరటిపండ్ల అట్టపెట్టెల్లో వరసగా డీవీడీలు,
పల్చటి కవర్లు, వెలిసిపోయిన ముఖాలు,
ఇంకా హాళ్ళలో ఆడుతున్న సినిమాలు.
గ్లౌజు వేళ్ళు కత్తిరించుకున్న కుర్రాడు
మూడు వేళ్ళు చూపిస్తే మూడు యూరోలు.
ఒక వేలు ముడిచేదాకా
మావాళ్ళు అక్కణ్ణుంచి కదిలేవారు కాదు.

"ఒకటో రెండో అయితే ఏమనరులే"
అనేది ఇర్యా కెట్టునెన్, ఒళ్ళో ఊలు బుట్టతో.
ఒకటో రెండో అన్నది లెక్క కాదు,
ధైర్యం చెప్పుకునే పద్ధతి.
తైస్తో మనవలకని కొనేవాడు.
అతనికి పెళ్ళే కాలేదు.

ఆ ఫిబ్రవరిలో సున్నాకి ఇరవయ్యారు డిగ్రీల కింద,
వాలిమా గేటు దగ్గర, బూట్ల మంచు దులుపుకుని మరీ
బస్సెక్కింది కస్టమ్స్ అమ్మాయి.
జేబు మీద పేరు: తూలిక్కి.
టార్చి వెలుగు సీట్ల కింద పాకుతూ వెళ్ళి
హీటరు పక్కన ఆగింది.
నీలం సంచి.

పైకే లెక్కపెట్టింది. నలభై ఒకటి.
అందులో ఒకే సినిమా ఏడు.
ఏడు అనేటప్పుడు ఆమె గొంతు మారింది.
ఒకటైతే చూసుకోవడానికి,
ఏడంటే ఇంకెవరికో.

"ఎవరిది?"

గుమ్మడికాయల దొంగంటే
భుజాలు తడుముకున్నవాడు ఒక్కడూ లేడు.
అన్నేసి కోట్ల కింద
భుజాలెక్కడున్నాయో వాళ్ళకీ తెలియదు మరి.
తైస్తో కిటికీ మీద మంచుని గోటితో గీకుతున్నాడు.
ఇర్యా సూదులు ఆగలేదు,
ఒక్క అల్లిక తప్పలేదు.

"పోనీ, బస్సెవరిది?"

బస్సు కంపెనీది.
తాళంచెవి నా చేతిలో ఉంది.

లోపల గదిలో మూడు గంటలు.
పేరు, ఒస్మో రైక్కొలా. పుట్టిన తేదీ. చిరునామా.
"ఇంట్లో డీవీడీ ప్లేయరుందా?"
"రేడియో ఉంది."
అదీ రాసుకుంది.
కిటికీలోంచి చూస్తే నా బస్సు పొగలు కక్కుతోంది.
ఇంజను ఆపకుండా నేనే వచ్చాను,
వాళ్ళు గడ్డకట్టుకుపోకూడదని.
పసుపు దీపం కింద పద్దెనిమిది తలలు,
ఫ్లాస్కు మూతలో కాఫీ
చేతులు మారుతోంది.

జరిమానా సంగతి తర్వాత తేలుతుందన్నారు.
తేలింది.
రెండు నెలలు నాకా రూటు ఇవ్వలేదు.
బడిపిల్లల బస్సు తోలాను.
వాళ్ళు నయం, ఒకరి మీద ఒకరు
వెంటనే చెప్పేస్తారు.

ఏప్రిల్లో మళ్ళీ గురువారం.
ఇర్యా ఎక్కి, మాట్లాడకుండా
స్టీరింగు పక్కన ఒక జత చేతితొడుగులు పెట్టి
వెనక్కి వెళ్ళి కూర్చుంది.
బూడిదరంగు ఊలు.
ఆ రోజు సూదుల మీద ఉన్న రంగే.
నా చేతులకి సరిగ్గా సరిపోయాయి,
కొలత ఎప్పుడు తీసుకుందో.
సంచి ఆమెదని నేననడం లేదు.

మే నెలలో హీటరు జాలీ విప్పి కడుగుతుంటే
లోపల ఒక డిస్కు.
చెల్లెలింటికి పట్టుకెళ్ళి వేయించాను.
సినిమా అమెరికాది, మాట రష్యాది.
అన్ని పాత్రలకీ ఒకడే గొంతు,
జలుబు చేసినవాడు, నిద్ర చాలనివాడు.
ప్రియురాలూ వాడే, ముసలమ్మా వాడే,
ఏడుస్తున్న పసివాడూ వాడే.
చివర్లో పోలీసు వరసగా నిలబెట్టి
ఒక్కొక్కరి ముఖంలోకీ చూసి ఏదో అడిగాడు.
నాకు రష్యన్ రాదు,
ఆ ప్రశ్న మాత్రం అర్థమైంది.
అదే జలుబు గొంతు
జవాబు చెప్పడానికి ఊపిరి తీసుకుంది.

బొమ్మ చదరాలు చదరాలుగా విరిగి
అక్కడే ఆగిపోయింది.

"రెండు యూరోలకి ఇంకేమొస్తుంది"
అంది చెల్లెలు,
డిస్కుని గౌనుకేసి తుడుస్తూ.