పన్నెండో గడి

ఫారం తొమ్మిది పేజీలు.
మొదటి పేజీల ఫొటో, నాయిన పేరు, పుట్టుమచ్చలు.
గదువ కింద గాటు అని రాసిన.
ఎట్లయిందో అడగలే ఆడ.

పన్నెండో గడి కాడ పెన్ను ఆగింది.
ఎన్నడన్న అరెస్టయినవా, శిక్ష పడ్డదా,
అవును, కాదు,
ఒకటి కొట్టెయ్యాలె.
ఇవరానికి ఇడిసిన జాగ రెండు వేళ్ల వెడల్పు.

రెండు వేళ్ల జాగల
ఇరవై ఆరేండ్ల కిందటి మ్యాట్నీ ఎట్ల పడ్తది?
మలక్‌పేట టాకీసు సైకిల్ స్టాండు,
టోకెన్ పోతే బండి ఇయ్యనన్న పెంటోజి,
ఎవల సైకిల్‌దో ఊడిన గొలుసు,
పందొమ్మిదేండ్ల నా చెయ్యి,
ఆయన ఎడమ చెవు.
మూడు నెలలు, చంచల్‌గూడ.
వెల్డింగు రాడ్డు మొదలు పట్టింది ఆ గోడల నడుమనే.
ఈ సంగతి అనుభవం గడిల రాయాల్నా?

"కాదు అని కొట్టు, ఎవడు జూస్తడు" అన్నడు బామ్మర్ది.
సైదాబాద్ సుదర్శనం గట్లనే రాసిండు.
వానిది పేకాట కేసు, రెండు వందల జరిమాన.
ఏడు నెలల పని చేసినంక లోపలికి పిలిచి
పేకాట గురించి ఒక్క మాట అనలేదట.
వాడు రాసిన "కాదు" మీద వేలు వెట్టి సూపిచ్చి
గేటు పాసు గుంజుకున్నరట.

నేను "కాదు"ను కొట్టేసిన.
తెల్లకాయితం ఒకటి జోడిచ్చి అంతా రాసిన.
కేసు నెంబరు యాదికి లేదు.
నాంపల్లికి పోతే గుమాస్తా
ఆ ఏడాది కట్టలు చెదలు తిన్నయన్నడు.
చెదలకు అరిగింది,
నాకింకా అరగలే.

కంచన్‌బాగ్‌ల నా పనికి ఎక్స్‌రే తీస్తరు.
అతుకుల బుడగ కనిపిస్తే గీకి మల్ల అతికిస్తం,
మల్ల తీస్తరు.
పాసయినా ఆ ఫిలిం మూలకు ఆర్ వన్ అని పడ్తది.
ఒకసారి మరమ్మతు అని అర్థం.
ఆర్ వన్ అతుకులు మోటరుకు పోతయి, మంటల నిలుస్తయి.
అక్షరం మాత్రం బీరువల ఉంటది.
మనిషికి ఎంత బుడగ దాకా చెల్తదో
ఆ కొలత ఏ పుస్తకంల ఉన్నదో
ఇన్‌స్పెక్షన్ సారును అడగబుద్ధయింది, అడగలే.

స్పెషల్ బ్రాంచాయన బండి మీద వచ్చిండు.
కిరాణం కాడ అడిగిండు, ఇస్త్రీ ఆయనను అడిగిండు,
మా ఇంట్ల చాయ్ తాగుకుంట
తెల్లకాయితం గట్టిగ చదివిండు.
కిటికీల నా బిడ్డ మౌనిక.
అంతవరకు దానికి తెల్వదు.

ఆయన పోయినంక చాన సేపు ఊకున్నది.
గిన్నెలు తోముకుంట అడిగింది:
"ఆయన చెవు మంచిగైందా నాన్నా?"

తొమ్మిది పేజీల ఆ ప్రశ్న లేదు.
జడ్జి అడగలే, జైలరు అడగలే.
నేను సుత.

ఫైలు ఇంకా రాలే. లోపలికి పోయే లిస్టుల
నా పేరు కాడ అడ్డగీత.
ఐతారం మలక్‌పేట పోయిన.
టాకీసు లేదు, బట్టల దుకాణం అయింది, నాలుగు అంతస్తులు.
పెంటోజి ఎవలకూ ఎర్క లేడు.
పార్కింగు పిల్లగాడు టోకెన్ చేతుల వెట్టిండు.
జేబుల ఏసుకున్న.
నాలుగడుగులు నడిచి
ఉన్నదా అని తడిమి చూస్కున్న.