రాహేలమ్మకు గుంత తవ్విన రోజు

మా ఊర్లో మట్టి మూరెడే.
కిందంతా నల్లబండ, పొర మీద పొర,
ఎర్రగుంట్ల లారీలు ఎత్తుకుపోగా మిగిలింది.
ఇక్కడ చచ్చిపోవడం సులభం,
పూడ్చడమే కష్టం.

రాహేలమ్మ జేజి మంగళవారం కోడికూతకు పోయింది.
ఆమె ఏ సంఘం మనిషని అడిగితే
ఊరంతా నేల చూపులు చూసింది.

ఆదివారం ఆరున్నరకు ఆర్‌సీఎం గుడిలో మోకాళ్ళ మీద ఉండేది.
పదికి సీఎస్ఐ గుడిలో, ఆనుకోడానికి స్తంభం పక్కన.
పొద్దుగూకినాక మా రేకుల షెడ్డులో
కాళ్ళు బారజాపుకొని
తాళం తప్పిన చప్పట్లు.
"ఇన్ని గుళ్ళెందుకే జేజీ" అంటే
"నాయన ఒగడే. మూడిండ్లలో ఉంటాడంట.
చూడాలంటే తిరగాల్సిందే కదరా" అనేది.
కొంగులో ఉడకేసిన చెనక్కాయలు.
ఎక్కడి పిల్లోళ్ళకైనా అవే,
పిడికెడు, ఇంకో నాలుగు.

రిజిస్టర్లు తెరిచినారు.
ఉపదేశి ఇన్నాసయ్య పుస్తకంలో ఆమె రాయేలమ్మ, చందా లేదు.
సీఎస్ఐ పుస్తకంలో రాహేలు, సామేలు భార్య,
ఎప్పటిదో ఎనిమిది రూపాయల బాకీ.
మా ఏలీషా పాస్టరు దగ్గర పుస్తకమే లేదు,
సెల్లులో ఒక ఫోటో ఉంది:
జేజి కండ్లు మూసుకొని, నోరు తెరుచుకొని.

మా అన్న జక్కరయ్యా నేనూ మాట్లాడుకొని తొమ్మిదేండ్లు.
వానకు నిండిన క్వారీ గుంతలో
నేను మునిగి బాప్తిస్మం తీసుకున్న రోజు
"అమ్మ ఎత్తుకొని చల్లించిన నీళ్ళు
నీకు నీళ్ళు కాలేదా" అన్నాడు.
నేనూ ఒక మాటన్నా.
అది ఇక్కడ రాయను.

సమాధుల దొడ్లో గడారు పట్టుకొని
అన్నే ముందు దిగినాడు.
మూరెడు మట్టి పోయి ఠంగుమంది.
ఇన్నాసయ్య అల్లుడు క్వారీ నుంచి కంప్రెసరు తోలకొచ్చినాడు.
డీజిల్ ఎవరు పోయించినారో ఇప్పటికీ తెలీదు.
జానెడు దిగితే ఒక మనిషి పైకి, ఇంకో మనిషి కిందికి,
ఎవరు ఏ గుడోళ్ళో
బండపొడి కప్పేసింది, అందరి మీసాలూ తెల్లగైనాయి.
రెండు గంటలప్పుడు గుంతలో మిగిలింది
నేనూ అన్నా.
ఇద్దరు ఎత్తితే గాని లేవని పలక.
"పట్టు" అన్నాడు.
తొమ్మిదేండ్ల తర్వాత మొదటి మాట అది.
పట్టినా.

పాట దగ్గర చిక్కొచ్చింది.
అందరికీ వచ్చిన పాట ఒకటే దొరికింది, రాగాలు మూడు.
మావాళ్ళది తొందర, వాళ్ళది నిదానం,
వెనక ఎవరో పల్లవి దాటి ముందే వెళ్ళిపోయినారు.
ఆఖరి చరణం ఒక్కరికీ రాలేదు.
అక్కడ ఆడోళ్ళు ఏడ్చినారు, సరిపోయింది.
గంట తక్కువ కాకుండా ప్రార్థించే ఏలీషా పాస్టరు
రెండు మాటలకే గొంతు పట్టుకొని
ఫాదరు భుజం మీద చెయ్యేసినాడు,
పడిపోకుండా.

గుంతలో లేచిన పలకే ఆమె మీద పరిచినాం.
ఏ పేరు చెక్కాలో తేలలేదు.
నున్నగా పాలిష్ పట్టించి వదిలేసినాం,
ఎండ పడితే ముఖం కనపడుతుంది,
ఎవరు వంగితే వాళ్ళది.

బోరింగు దగ్గర
అన్న కొట్టినాడు, నేను చేతులు పట్టినా.
నీళ్ళు మోచేతులకు, మెడకు,
తర్వాత నెత్తికి.
ఎన్ని నీళ్ళో మేం కొలవలేదు.

ఆదివారం మైకులు మూడూ
మళ్ళీ ఒకదాని మీద ఒకటి అరిచినాయి.
నేను మా షెడ్డుకే పోయినా, అన్న ఆ గుడికే.
పొద్దుగూకినాక, వాక్యం నడుస్తుంటే,
వదిన మా గడప దాకా వచ్చి నిలబడింది.
లోపలికి రాలేదు.
కొంగు ముడి విప్పింది.
ఆవిర్లు పోతున్న చెనక్కాయల వాసనకు
పిల్లోళ్ళు ఆమెన్ కూడా అనకుండా
బయటికి ఉరికినారు.