భిక్షాపాత్ర దూరం

ధరణికోట గట్టు మీద గొలుసు కొక్కెం గుచ్చి
నాగుల్ మీరా అన్నాడు:
"రాసుకో తల్లీ, ఇక్కణ్ణుంచి స్తూపం దిబ్బ దాకా
నా అడుగుల్లో రెండు వేల నూట పది."
మూడు కాళ్ళ మిషను ఉంది నా దగ్గర,
ఉపగ్రహాన్ని అడిగి చెబుతుంది.
అయినా ఆయన అడుగులే ముందు రాస్తాను.
ముప్ఫయ్యేళ్ళుగా ఈ చుట్టుపక్కల పొలాలన్నీ
ఆ మోకాళ్ళ మీదుగానే కాగితమెక్కాయి.

మిరప కోతల కాలం.
కోటగోడ ఇప్పుడొక మట్టి కట్ట,
దాని పక్కనే ఎర్రటి కల్లాలు.
తుమ్ముతూ కొలుస్తున్నాం.

ఎందుకింత ఎడం అనుకున్నాను.
ఊరేమో ఇక్కడ, కృష్ణ రేవుని ఆనుకుని.
తెల్లరాతి గుమ్మటం అంత దూరాన.
దేవుడి పంచన ఇల్లు కట్టుకోవాలని ఎవరికుండదు?

లెక్క రాత్రి తేలింది, నిద్ర పట్టక.

భిక్షువు చీకట్నే లేవాలి.
ఖాళీ పాత్రతో బయల్దేరాలి.
ప్రతి గడప ముందూ నిలబడాలి, నోరు తెరవకుండా.
దొరికిందాంతో వెనక్కి నడిచి
తన నీడ తన పాదాల కిందికి చేరేలోగా
తినడం ముగించాలి.
ఆ తర్వాత మెతుకు ముట్టకూడదు.
అందుకని ఊరు మరీ దూరమైతే కుదరదు.
గానుగ కిర్రు, పసిపిల్లల ఏడుపు,
రేవులో బేరగాళ్ళ అరుపులు
చెవిన పడేంత దగ్గరైనా కుదరదు.
ఆకలి ఒక కొస, మౌనం ఒక కొస పట్టి
తాడు బిగలాగితే
ముడిపడ్డ చోట రాయి లేచింది.

ఒక పూట అన్నం గీసిన పటం ఇది.

రాళ్ళు మోయించింది ఎవరని అడిగితే
నాగుల్ మీరా వేళ్ళు మడిచాడు:
అత్తరు అమ్మేవాళ్ళు, నౌకల వాళ్ళు, ముండిత సన్యాసినులు,
తోళ్ళు కుట్టే ఇంటాయన ఒకడు
పూర్ణఘటం చెక్కించి ఇచ్చాడట, ఇంటిల్లిపాదితో కలిసి.
"మ్యూజియంలో పని చేసే మా బావమరిది చెప్పాడు."
ఆ రాళ్ళలో కొన్ని సున్నపు బట్టీలో కాలాయి.
ఏ పెళ్ళికి ఏ గోడ తెల్లబడిందో,
ఏ తాంబూలంలో ఏ తామర నాలుక మీద మండిందో
ఎవరు చెప్తారు?

మేం వచ్చింది మాత్రం వెంచరు కోసం.
యజమాని వెంట సిద్ధాంతి గారు, ఆయన వెంట గొడుగు.
"పన్నెండో ప్లాటుకి వీధిపోటు,
రోడ్డు కాస్త దక్షిణానికి జరపండి.
ఈశాన్యం పెరగాలి."
నాలుగడుగులు జరిపాను.
రెండు వేలేళ్ళ కిందట కూడా
ఎవరో నాలాగే మేకు పీకి
ఇంకో చోట కొట్టి ఉంటారు,
చెమట తుడుచుకుంటూ, ఏమీ అనకుండా.
మా పటంలో ప్రహరీ ఉంది, కాపలావాడి గది ఉంది.
అడక్కుండా నిలబడేవాడికి
చోటెక్కడా గీయలేదు.

పొద్దు వాలుతుండగా కల్లం పేరంటాలు
రెండు విస్తళ్ళు తెచ్చింది, పండుమిరప పచ్చడితో.
నాది నేను తిన్నాను.
ఆయన తన వాటా క్యారియర్లోకి ఒంపి
మూత బిగించాడు.
"ఒక్కపొద్దు తల్లీ, ఇవాళ పదకొండోది."
ఫోను చూడలేదు.
గట్టు మీద తన నీడ ఎంత సాగిందో చూశాడు.
"అజాఁ లోపల మసీదుకి చేరాలి, అందుతుందిలే."

క్యారియర్ చంకన పెట్టుకుని దిగాడు.
అలవాటు కదా, పైకే లెక్కపెడుతున్నాడు.
మిషను సర్దాల్సిందాన్ని
ఫీల్డు బుక్కు మళ్ళీ తెరిచాను.
ఎనభై రెండు, ఎనభై మూడు,
మిరప ఘాటుకి కళ్ళు కారుతున్నాయి,
ఎనభై నాలుగు