పద్నాలుగు డెకాలు

జూలై. హోబార్ట్ కొండ నెత్తిన మంచు.
ట్రౌడెల్ వంటింట్లో పిండి చేతులతో నేను,
స్టూలు మీద ఆవిడ.
ఒళ్లో ఆవిడ చేతులు రెండూ
ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి,
ఏది ముందు పారిపోతుందోనని.

"పద్నాలుగు డెకాలు వెన్న.
పద్నాలుగు డెకాలు హేజెల్‌నట్ పొడి."
డెకా అంటే ఎంతని అడిగాను.
పది గ్రాములంది, కాస్త చిన్నబుచ్చుకుని.
నేను మాత్రం తక్కువ తిన్నానా?
సోల, గిద్దె, అరగిద్దె అంటూ
మా మేనత్త కొలిచి పోసిన నూనె
ఈ తక్కెడకి చెబితే తెల్లమొహం వేయదూ!

గింజలు వేయించి, తువ్వాల్లో మూటగట్టి నలిపితే
పొట్టు ఊడుతుంది, వేరుశనగలకి మల్లే.
ఈ ఒక్క పనీ నాకెవరూ నేర్పక్కర్లేదు.
పళ్లాన్నే చేట చేసి చెరిగాను, ఊదాను.
పొట్టంతా ఆవిడ ఉన్ని కోటు మీద.

నిమ్మతొక్క తురుము. దాల్చినచెక్క.
లవంగాలు రెండంది, నాలుగు దంచాను.
ముక్కుతోనే పట్టేసింది.
"ఇది మీ పలావు కాదు, సుభా!"
తీద్దామంటే పొడి పొడిలో కలిసిపోయింది.
"సరే, ఆ రెండూ నీ ఖాతాలో."

అలోయిస్ డ్యాముల కోసం కొండలు తొలిచాడు.
ఆయన పుట్టినరోజుకి అరవై మూడేళ్లుగా
ఈ టార్టు ఆవిడ చేతుల మీదే,
ఆయన పోయాక గడిచిన మూడు చలికాలాల్లోనూ.
ఈ ఏడు చేతులు మాట వినలేదు.
డాక్టరు దానికో పేరు చెప్పాడట.
ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు.

అలమర వెనక ఆఖరి సీసా,
ఆయన కాచిన జామ్, ఆయన రాసిన చీటీ: రెడ్‌కరెంట్.
మూత రాదు.
వేణ్నీళ్లు పోశాను. కత్తి పిడితో తట్టాను.
తలుపు సందున ఇరికించి తిప్పాను.
చెరో భాషలో తిట్టుకున్నాం దాన్ని.
టప్!

ఎర్రగా ఉండాల్సింది
నేరేడుపండు రంగులో ఉంది.
ఆవిడ వేలు ముంచింది. నోటికి చేరేలోపు
సగం గడ్డానికి అంటింది.
"ప్లమ్!"
చీటీలు ముందు రాసుకుని
సీసాలు తర్వాత వెతుక్కునేవాడట మహానుభావుడు.
నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది,
ఎంతసేపటికీ తుడుచుకుంటూనే ఉంది.
నేను పిండి ఒత్తుతూ కూర్చున్నాను.

పిండి పట్టీలు ఎత్తితే తెగుతాయి.
నవారు మంచం నేసినట్టు
ఒకటి పైకి, ఒకటి కిందికి పోనిస్తున్నాను.
బల్ల మీద గరిటె మోగింది.
"అల్లకు. ఊరికే పడుకోబెట్టు.
విరిగితే అతికించు,
జామ్ ఎవరితోనూ చెప్పదు."

ఓవెన్ లోపల గళ్లు గోధుమరంగు తిరిగాయి.
కిటికీకి ఆవిరి పట్టి కొండ మాయమైంది.
కత్తి కోసం చెయ్యి చాచాను.
"ఇవాళ కాదు. మూడు రోజులాగాలి.
అన్నీ ఒకదానికొకటి అలవాటు పడాలి."
మా ఆవకాయ కూడా మూడోనాడే తిరగకలుపుతామన్నాను.
ఆవకాయంటే ఏమిటంది.
మొదట్నుంచీ చెప్పుకొచ్చాను.
మెంతుల దగ్గర నిద్రపోయింది.

మా రెండిళ్లకీ గోడ ఒకటే.
రెండో రాత్రి, ఒంటిగంట దాటాక,
అవతల రేకు డబ్బా మూత గలగలమంది.
ఆగింది. మళ్లీ గలగల.
వెళ్లి తీసిపెట్టనా అని దుప్పటి తొలగించాను.
మళ్లీ కప్పుకున్నాను.
చాలాసేపటికి నిశ్శబ్దం.

మూడోనాడు ఇద్దరం కలిసి డబ్బా తెరిచాం.
ఓ మూల రెండు గళ్లు లేవు.
"ఎలుక," అంది, నా మొహంలోకి సూటిగా చూస్తూ.
ఎలుకేనన్నాను.
సింకులో అడుగున పాలున్న గ్లాసొకటి,
దాని అంచున నేరేడు రంగు మరక.
"లవంగం," అంది ఎలుక తరఫున,
"మరీ అంత ఎక్కువేం కాలేదు."